చిల్లర్ ఎన్ని హెచ్‌పీ అని కాదు, ఎన్ని వాట్ల వేడి లాగుతుందో అడగండి

నమస్కారం అండీ. ఇంట్లో కోల్డ్ ప్లంజ్ టబ్, అంటే మునిగి కూర్చునే చన్నీళ్ల తొట్టి, పెట్టుకోవాలనుకునే వాళ్లందరూ ముందు అడిగే ప్రశ్న "చిల్లర్ ఎన్ని హెచ్‌పీ తీసుకోవాలి?" అని. హెచ్‌పీ చెప్పేది కంప్రెసర్ సైజు. మనకు కావాల్సింది టబ్‌ను చల్లబరిచే ఈ చిల్లర్ నీళ్లలోంచి ఎంత వేడి బయటికి లాగుతుందన్నది. స్పెసిఫికేషన్లలో "కూలింగ్ కెపాసిటీ" అని వాట్లలో ఉంటుంది, అది చూడండి.

ఒక చిన్న లెక్క. లీటరు నీళ్లు 1 డిగ్రీ చల్లబడాలంటే సుమారు 4.2 కిలోజౌళ్ల వేడి పోవాలి. టబ్‌లో 400 లీటర్లున్నాయి, 28 డిగ్రీల నుంచి 10కి దించాలి. అంటే 30 వేల కిలోజౌళ్లు. 1 కిలోవాట్ కూలింగ్ ఉన్న చిల్లర్‌కి ఇది 8 గంటల పైచిలుకు పని. అదీ బయటి నుంచి వేడి అసలు లోపలికి రాకపోతేనే! పైగా నీళ్లు చల్లబడే కొద్దీ, చుట్టూ గాలి వేడెక్కే కొద్దీ చిల్లర్ సత్తా తగ్గుతుంది.

అందుకే పెద్ద చిల్లర్ కంటే ముందు మంచి మూత మీద డబ్బు పెట్టండి. టబ్ గోడలకు, అడుగున, పైపులకు కూడా ఇన్సులేషన్ ఉండాలి. ఇదిగో, ఈ పైపు చూడండి: ఫోమ్ చుట్టిన చోట పొడిగా ఉంది, చుట్టని ఈ జానెడు ముక్క మీద మాత్రం నీటి బొట్లు పట్టి కారుతున్నాయి. వేడి లోపలికి దూరుతున్నది అక్కడే.

నీళ్లలోంచి లాగిన వేడిని చిల్లర్ గదిలోకే వదులుతుంది. తలుపులు మూసిన చిన్న గదిలో పెడితే తాను వదిలిన వేడిగాలినే మళ్లీ పీల్చుకుంటుంది. గాలి ఆడే చోటే పెట్టండి.

బరువు కూడా చూసుకోవాలి. 400 లీటర్లంటే 400 కిలోలు. టబ్బు, మనిషి కలిస్తే అర టన్ను. బాల్కనీ, మేడ మీద అయితే ఇంజినీర్‌ని అడగకుండా నింపొద్దు.

పైపుల్లో ఫిల్టర్ చిల్లర్ కంటే ముందుండాలి, లేకపోతే చెత్తంతా వెళ్లి చిల్లర్‌లో ఇరుక్కుంటుంది. పంపు నీటిమట్టం కంటే కింద ఉంటే మంచిది. మొదటిసారి నింపాక గరగరమని శబ్దం వచ్చి నీళ్లు కదలకపోతే గాలి పట్టిందన్నమాట. పంపు ఆపి, ఫిల్టర్ మూత కొద్దిగా వదులు చేయండి. బుస్సుమని గాలి పోయి నీళ్లు ఊరగానే బిగించేయండి.

కరెంటు విషయంలో మాత్రం రాజీ వద్దు. సరైన ఎర్తింగ్, కరెంటు లీకైతే వెంటనే ఆపేసే 30 మిల్లీఆంపియర్ల ఆర్‌సీసీబీ ఉండాల్సిందే. ఎక్స్‌టెన్షన్ బాక్స్ వద్దే వద్దు. నేనైతే నీళ్లలో దిగే ముందు ప్లగ్ పీకేయమంటాను. ఆ రెండు మూడు నిమిషాల్లో 400 లీటర్లు చెప్పుకోదగ్గంత వేడెక్కవు.

చల్లని నీళ్లలో క్రిములు పెరగవనుకోకండి, నెమ్మదిగా పెరుగుతాయి అంతే. స్నానం చేసి దిగండి. ఫిల్టర్‌తో పాటు ఓజోన్ గానీ క్లోరిన్ గానీ ఉండాలి.

ఇక దిగడం. చల్లదనం తగలగానే ఊపిరి ఒక్కసారిగా ఎగబీలుస్తాం, గుండె వేగం పెరుగుతుంది. ఇది మొదటి నిమిషంలోనే గట్టిగా ఉంటుంది, అందుకే తల ముంచకూడదు, పక్కన ఒకరుండాలి. మొదట 15 డిగ్రీలు, ఒక నిమిషం చాలు. గుండె జబ్బు, బీపీ ఉన్నవాళ్లు, గర్భిణులు డాక్టర్‌ని అడక్కుండా దిగొద్దు. ఇంట్లో పిల్లలుంటే మూతకు తాళం తప్పనిసరి.

కండ పెంచాలని బరువులెత్తే వాళ్లకు ఒక మాట. 2015లో జర్నల్ ఆఫ్ ఫిజియాలజీలో వచ్చిన అధ్యయనంలో, 12 వారాల పాటు వ్యాయామం అయిన వెంటనే 10 డిగ్రీల నీళ్లలో 10 నిమిషాలు కూర్చున్న వాళ్లకు కండ తక్కువ పెరిగింది. మీరు బరువులెత్తిన రోజు వదిలేసి, విశ్రాంతి రోజున దిగండి.