ఏసీ గ్యాస్ కాటా: కొనేముందు, కొన్నాక

అందరికీ నమస్కారం. ఎండాకాలం పని మొదలయ్యేలోపు ఇంతమంది ఏసీ మెకానిక్‌లు, ఐటీఐ పిల్లలు ఒకచోట కూర్చోవడం కష్టం. అందుకని సమయం వృథా చేయకుండా నేరుగా విషయంలోకి వస్తాను.

మన బ్యాగుల్లో ప్రెజర్ చూసే గేజ్ సెట్ ఉంటుంది. క్లాంప్ మీటర్ ఉంటుంది. పైపుల్లో గాలి లాగేసే వాక్యూమ్ పంప్ కూడా ఇప్పుడు చాలామంది మోస్తున్నారు, సంతోషం. కాటా మాత్రం షాపులోనే ఉండిపోతుంది. "గ్యాస్ ఎంత ఎక్కించావు తమ్ముడూ?" అని అడిగితే "130 వచ్చేదాకా ఎక్కించానన్నా" అంటారు. అడిగింది బరువు, వచ్చిన జవాబు ప్రెజర్. ఈ రెండింటికీ ఉన్న తేడా మీదే ఇవాళ్టి నా మాటలన్నీ.

ఇంట్లో వంటగ్యాస్ సిలిండర్ సంగతి చూడండి. నిండుగా ఉన్నప్పుడు మంట ఎలా వస్తుందో, అయిపోయే ముందు రోజు కూడా దాదాపు అలాగే వస్తుంది. లోపల కొంచెం ద్రవం మిగిలి ఉన్నంతసేపూ ప్రెజర్‌ను నిర్ణయించేది వేడే కానీ పరిమాణం కాదు. అందుకే డెలివరీకి వచ్చిన అబ్బాయిని తూకం వేసి చూపించమని అడుగుతాం. సిలిండర్ మీద రాసిన ఖాళీ బరువు తీసేస్తే 14.2 కిలోలు రావాలి. గేజ్ పెట్టి చూపించమని ఎవరూ అడగరు.

మన గ్యాస్ కూడా అంతే. ఇప్పటి ఏసీల్లో వాడే ఆర్32 గ్యాస్ సిలిండర్‌ను 35 డిగ్రీల ఎండలో ఉంచితే గేజ్ సుమారు 300 పీఎస్ఐ (ప్రెజర్ కొలమానం) చూపిస్తుంది. అందులో 9 కిలోలున్నా 300, అరకిలో ఉన్నా 300. ఆగి ఉన్న ఏసీకి గేజ్ తగిలించి "ప్రెజర్ బాగానే ఉంది, గ్యాస్ ఫుల్" అన్నారంటే మీరు చెప్పింది ఆ రోజు వాతావరణం.

నడుస్తున్న ఏసీలో చూస్తామంటారా? పాత ఆర్22 విండో ఏసీల్లో ఆ లెక్క కొంతవరకు చెల్లింది. కంప్రెసర్ ఒకే వేగంతో తిరిగేది కాబట్టి 60, 70 పీఎస్ఐ అని ఒక అంకె నోటికి వచ్చేసింది. ఇన్వర్టర్‌లో కంప్రెసర్ వేగం నిమిషనిమిషానికీ మారుతుంది. ఆర్32కు ఇండోర్ కాయిల్ 10 డిగ్రీల్లో ఉంటే సక్షన్, అంటే కంప్రెసర్‌లోకి వెళ్లే గ్యాస్ ప్రెజర్, దాదాపు 145, 5 డిగ్రీల్లో 123, సున్నా డిగ్రీల్లో 103. కంప్రెసర్ నెమ్మదించిందా, వేగం పెంచిందా, గది చల్లబడిందా, ఫిల్టర్‌లో దుమ్ము పేరుకుందా అన్నదాన్ని బట్టి ఒక్క గ్రాము కూడా మారకుండానే ఈ అంకెలన్నీ కనిపించవచ్చు. ఫిల్టర్ మూసుకుపోయిన మెషీన్‌లో సక్షన్ తక్కువ చూసి గ్యాస్ ఎక్కించేవాళ్లున్నారు. తర్వాత ఇంటావిడ ఫిల్టర్ కడిగితే గ్యాస్ ఎక్కువై అది ఓవర్‌చార్జ్ అవుతుంది. కరెంటు బిల్లు పెరుగుతుంది, ద్రవం వెనక్కి వస్తే కంప్రెసర్ పోతుంది. గేజ్ వద్దని నేననను. లీకేజ్ టెస్ట్‌కు, లోపం కనిపెట్టడానికి అది కావాలి. గ్యాస్ కొలవడానికి మాత్రం అది పనికిరాదు.

సరే, ఎంత ఎక్కించాలి? ఔట్‌డోర్ యూనిట్ నేమ్‌ప్లేట్ మీద గ్రాముల్లో రాసి ఉంటుంది. ఆ బరువు కొంత పైపు పొడవు వరకే సరిపోతుంది. ఎన్ని మీటర్లన్నది కంపెనీని బట్టి మారుతుంది కాబట్టి మాన్యువల్ చూడాలి. అది దాటితే మీటరుకు కొంత కలపాలి. పావు అంగుళం లిక్విడ్ లైన్‌కు, అంటే ద్రవం వెళ్లే సన్న పైపుకు, చాలా మాన్యువల్స్ మీటరుకు 15 నుంచి 20 గ్రాములంటాయి. ఎక్కడి నుంచి వచ్చిందీ అంకె? ఆ పైపు లోపలి ఖాళీ మీటరుకు దాదాపు 18 మిల్లీలీటర్లు. అది ద్రవంతో నిండితే ఆ పాటి గ్రాములే. నేమ్‌ప్లేట్ మీద 800 ఉంది, 5 మీటర్ల దాకా అదనం అక్కర్లేదు, మీరు వేసిన పైపు 11 మీటర్లు, మీటరుకు 20 అనుకుందాం. ఆరు ఇరవైలు 120. మొత్తం 920 గ్రాములు.

ఇక్కడ టాపప్, అంటే ఉన్నదాని మీద మరికొంత ఎక్కించడం గురించి ఒక మాట చెప్పాలి, కొందరికి నచ్చకపోవచ్చు. లోపల ఎంత మిగిలిందో తెలియనప్పుడు కాటా ఉన్నా టాపప్ సరిగ్గా చేయలేం. మిగిలిన గ్యాస్‌ను రికవరీ మెషీన్‌తో తీసి, లీకేజ్ పట్టుకుని, బాగుచేసి, వాక్యూమ్ పెట్టి, కొత్తగా తూచి ఎక్కించడమే పద్ధతి. తీసిన గ్యాస్‌ను కూడా తూచండి. 800కు 300 వచ్చిందంటే 500 బయటికి పోయింది. అంత పోయిన మెషీన్‌కు లీకేజ్ లేదని ఎవరూ వాదించలేరు. పైపు కలిపే ఫ్లేర్ నట్ వదులు చేసి గాలిలోకి వదిలేయడం సులువే, ఎవరూ చూడరు కూడా. కానీ కిలో ఆర్32 గాలిలోకి వదిలితే 675 కిలోల కార్బన్ డయాక్సైడ్ వదిలినంత వేడి భూమికి తగులుతుంది. ఆర్410ఏ అయితే 2,088 కిలోలంత.

ఇక కొనడం. షాపువాడు మొదట చెప్పేది "అన్నా, ఇది 100 కిలోలు మోస్తుంది" అని. మీకు 100 కిలోలు ఎందుకు? ఇళ్లల్లో స్ప్లిట్ ఏసీలు చేసేవారి దగ్గరుండే పెద్ద బరువు ఆర్22 సిలిండర్. గ్యాస్ 13.6 కిలోలు, డబ్బాతో కలిపినా 20 దాటదు. 50 కిలోల కాటా వీళ్లకు చాలు. డక్టబుల్, వీఆర్ఎఫ్ లాంటి పెద్ద బిల్డింగుల ఏసీ పనులు చేసేవారు పెద్ద రీఫిల్ సిలిండర్లు వాడతారు. 100 కిలోలది వాళ్లకు అవసరం.

అసలు చూడాల్సింది రెండు అంకెలు. ఒకటి, డిస్‌ప్లే ఎన్ని గ్రాముల చొప్పున కదులుతుంది. రెండోది, ఆ చూపించేది ఎంత నిజం. 2 గ్రాముల చొప్పున కదిలినంత మాత్రాన 2 గ్రాముల వరకు నిజం చెబుతుందని కాదు. పెట్టె మీద "ప్లస్ ఆర్ మైనస్ 0.5 శాతం" అని ఉంటుంది. 14 కిలోల సిలిండర్ మీద అది 70 గ్రాములు! 0.05 శాతమైతే 7 గ్రాములు. ఒక్క సున్నా పక్కకు జరిగితే ఇంత తేడా. అయితే భయపడకండి. మనకు కావాల్సింది సిలిండర్ మొత్తం బరువు కాదు, అందులోంచి బయటికి వెళ్లింది ఎంత అన్నదే. మొదట్లో ఎక్కువ చూపించే కాటా చివర్లోనూ అలాగే ఎక్కువ చూపిస్తుంది కాబట్టి తీసివేతలో ఆ తప్పు చాలావరకు పోతుంది. తీసివేతలో పోనిది ఇంకొకటుంది. బరువు పెట్టి ఉంచితే అంకె దానంతటదే మెల్లగా జారుకోవడం. చవక కాటాల అసలు జబ్బు ఇదే. దీని గురించి పెట్టె మీద ఎవరూ రాయరు.

కాబట్టి షాపులోనే పరీక్ష పెట్టండి. కిరాణా కొట్లో తూనికలు, కొలతల శాఖ ముద్ర ఉన్న 200 గ్రాముల రాయి, కిలో రాయి అడిగి తీసుకెళ్లండి. వట్టి కాటా మీద రాయి పెట్టి చూస్తే ఏమీ తెలియదు. నిండు సిలిండర్ పెట్టి, సున్నా చేసి, దాని మీద 200 రాయి పెట్టండి. 198, 202 చూపిస్తే తీసుకోండి. 185 చూపిస్తే నమస్కారం పెట్టి వచ్చేయండి. తర్వాత కిలో రాయిని ఒక్కటే నాలుగు మూలలా పెట్టి చూడండి. మూలమూలకూ అంకె మారితే మీరు సిలిండర్‌ను రోజూ సరిగ్గా మధ్యలోనే పెట్టాలి, అది అయ్యే పని కాదు. చివరగా సిలిండర్‌ను పావుగంట కదపకుండా ఉంచి, టీ తాగి రండి. అంకె 5 గ్రాములకు మించి జారిందా, మరో కాటా చూడండి. షాపువాడు విసుక్కుంటాడు. విసుక్కోనివ్వండి.

ఈ పావుగంటలోనే ఇంకొకటి బయటపడుతుంది. బ్యాటరీ ఆదా కోసం కొన్ని కాటాలు వాటంతటవే ఆఫ్ అవుతాయి. సగం గ్యాస్ ఎక్కించాక అలా ఆఫ్ అయితే లెక్క పోయినట్టే. ఆ ఆటో ఆఫ్‌ను ఆపేసే వీలు ఉందో లేదో తప్పకుండా అడగండి. డిస్‌ప్లే ఎండలో కనబడాలి, మనం పనిచేసేది మేడ మీద. బ్లూటూత్‌తో ఫోన్‌లో చూసేవి, పెట్టిన బరువు రాగానే వాల్వ్ మూసుకునేవి వచ్చాయి. వర్క్‌షాప్‌లో అవి సౌకర్యమే. బైక్ మీద తిరిగే మనిషికి వైరుతో ఉన్న సాదా కాటా చాలని నా అభిప్రాయం, ఆ వైరు కాటాకు అతికే చోట తెగిపోకుండా చూసుకుంటే.

కిచెన్ కాటా వాడొచ్చా అని పిల్లలు అడుగుతుంటారు. అవి మామూలుగా 5 కిలోలు, 10 కిలోలవి. నిండు ఆర్32 సిలిండర్ పెడితే మోయలేవు. పళ్లెం చిన్నది, సిలిండర్ ఒరుగుతుంది. చిన్న క్యాన్‌తో ఎక్కించేటప్పుడు మాత్రం పనికొస్తాయి, ఆటో ఆఫ్ గొడవ లేకపోతే.

ఇప్పుడు వాడకం. మేడ మీద గాలి సిలిండర్‌ను ఊపుతుంటే అంకె 10, 20 గ్రాములు ఊగుతుంది. అట్టపెట్టె అడ్డం పెట్టండి. కాటా కింద చదునైన పలక వేయండి, నడుస్తున్న వాక్యూమ్ పంప్‌ను దూరంగా పెట్టండి. హోస్ బిగుతుగా లాగినా, ఎక్కించేటప్పుడు చేత్తో కదిపినా అంకె మారుతుంది. వదులుగా ఒంపు ఇచ్చి ఇక ముట్టుకోవద్దు.

హోస్ దగ్గరే చాలామంది లెక్క తప్పుతుంది. మీటరున్నర పావు అంగుళం హోస్ నిండా ద్రవం ఉంటే అందులోనే 25 నుంచి 30 గ్రాముల ఆర్32 ఉంటుంది. అది మెషీన్‌లోకి వెళ్లిందా, హోస్‌లోనే ఉండిపోయిందా? నేను చెప్పే పద్ధతి ఇది. వాక్యూమ్ తీసేటప్పుడే సిలిండర్ వాల్వ్ దాకా హోస్‌ను కూడా వాక్యూమ్ చేయండి. సిలిండర్ తెరవకముందు సున్నా చేయండి. ఆగి ఉన్న మెషీన్‌లోకి వాక్యూమ్ లాగినంత లాగనిచ్చి, మిగిలింది మెషీన్ నడిపి సక్షన్ వైపు నుంచి కొద్దికొద్దిగా ఇవ్వండి. కావాల్సిన బరువు రాగానే సిలిండర్ వాల్వ్ మూసేసి, హోస్‌లో ఉన్నదాన్ని మెషీన్‌నే లాగేసుకోనివ్వండి. అప్పుడు సిలిండర్‌లోంచి బయటికి వచ్చినదంతా దాదాపు మెషీన్‌లోనే ఉన్నట్టు.

ఆర్410ఏ, ఆర్407సీ మిశ్రమాలు కాబట్టి సిలిండర్ నుంచి ద్రవంగానే తీయాలి. అడుగు నుంచి ద్రవం తీసే డిప్ ట్యూబ్ లేని సిలిండర్‌ను తలకిందులుగా పెట్టాలి. అప్పుడు అది కాటా మీద నిలవదు, స్టాండ్ కావాలి. స్టాండ్‌తో కలిపే సున్నా చేయండి. ఆర్32, ఆర్290 మిశ్రమాలు కావు, దేనికది ఒకే పదార్థం కాబట్టి గ్యాస్‌గా తీసినా కూర్పు మారదు. కానీ గ్యాస్‌గా తీస్తుంటే సిలిండర్ చల్లబడి పైన నీళ్లు పడతాయి. విశాఖ, కాకినాడ లాంటి తేమ ఊళ్లలో ఇది మరీ ఎక్కువ. ఆ నీటి బరువు కూడా కాటా మీదే పడుతుంది. కాబట్టి బయటికి వెళ్లింది తక్కువగా కనబడుతుంది, మీరు ఎక్కువ ఎక్కిస్తారు. మధ్యమధ్యలో గుడ్డతో తుడవండి. వేడి చేయడానికి బ్లో ల్యాంప్ పెట్టేవాళ్లకు నేను చెప్పగలిగింది ఏమీ లేదు, దయచేసి పెట్టకండి.

ఆర్290 గురించి కొంచెం ఆగి చెప్పాలి. గోద్రెజ్ 2012లో మన దేశంలో ఈ గ్యాస్‌తో స్ప్లిట్ ఏసీలు తెచ్చింది. భూమిని వేడెక్కించే గ్యాస్‌లను తగ్గించడానికి దేశాలు చేసుకున్న కిగాలీ ఒప్పందం ప్రకారం ఆర్32, ఆర్410ఏ లాంటి హెచ్ఎఫ్‌సీల వాడకాన్ని మనం 2028లో ఒక స్థాయి దగ్గర ఆపాలి, 2032 నుంచి తగ్గించుకుంటూ పోవాలి. కాబట్టి ఇలాంటి గ్యాస్‌లు మన చేతికి ఇంకా ఎక్కువగా వస్తాయి. ఇది ప్రొపేన్. ఘనమీటరు గాలిలో సుమారు 38 గ్రాములు చేరితే అంటుకుంటుంది. అందుకే గది సైజును బట్టి మెషీన్‌లో ఎంత ఉండాలో పరిమితి పెట్టారు. చార్జ్ 300 గ్రాముల చుట్టుపక్కలే ఉంటుంది. 800 గ్రాముల మెషీన్‌లో 30 గ్రాములు తేడా వస్తే సర్దుకోవచ్చేమో కానీ, 300లో 30 అంటే పదో వంతు. దీనికి 5, 10 గ్రాముల చొప్పున కదిలే కాటా సరిపోదు, 1 లేదా 2 గ్రాములది కావాలి. ఈ గ్యాస్ గాలి కన్నా బరువు కాబట్టి నేలమీదే పరుచుకుంటుంది. కాటా ఉండేదీ నేలమీదే. కాటా స్విచ్‌లన్నీ ముందే నొక్కి, గాలి ఆడే చోట పెట్టి, ఆ తర్వాతే వాల్వ్ తెరవండి.

రికవరీ సిలిండర్‌కు కాటా లేకపోతే అది ప్రాణాపాయం. ద్రవం వేడికి వ్యాకోచిస్తుంది, అందుకే 80 శాతానికి మించి నింపకూడదు. సిలిండర్ మీద నీటి కెపాసిటీ పొడిచి ఉంటుంది. 12 లీటర్లదైతే 80 శాతమంటే 9.6 లీటర్లు. అందులో 25 డిగ్రీల దగ్గర ఆర్22 అయితే 11.4 కిలోలు పడుతుంది. ఆర్32 అయితే 9.2 కిలోలే. ఆర్290 అయితే 4.7 కిలోలు దాటకూడదు. "ఇందులో ఎప్పుడూ 11 కిలోలు పట్టేదన్నా" అని ప్రొపేన్ నింపితే ఏమవుతుందో ఊహించుకోండి. మేడ మీద 45 డిగ్రీల ఎండ ఉంటుంది మరి. ఒకసారి వాడి పారేసే డబ్బాల్లో రికవరీ గ్యాస్ అసలు నింపకండి.

పని అయ్యాక ఔట్‌డోర్ కవర్ లోపల ఒక స్టిక్కర్ అంటించండి: తేదీ, గ్యాస్ పేరు, ఎన్ని గ్రాములు, పైపు ఎన్ని మీటర్లు. తర్వాత వచ్చే మెకానిక్‌కు సగం టెన్షన్ తగ్గుతుంది. కస్టమర్‌కు కూడా సున్నా దగ్గర ఒకసారి, చివర్లో ఒకసారి అంకె చూపించండి. "ఫుల్ గ్యాస్" అని డబ్బు తీసుకునేచోట ఎన్ని గ్రాములకు తీసుకున్నామో చూపిస్తే రేటు మీద బేరం తగ్గుతుంది.

ఈ బల్ల మీద మూడు రకాల కాటాలు, ఒక నిండు సిలిండర్, ముద్ర ఉన్న రాళ్లు పెట్టాం. మీ కాటా తెచ్చుకున్నవాళ్లు ముందుకు రండి, సిలిండర్ పైన 200 రాయి పెట్టి చూద్దాం. మొదట ఎవరు వస్తారు?