గాలిలో నిలబెట్టడం: రిమోట్ హెలికాప్టర్ మొదటి పాఠం

అందరికీ నమస్కారం. ఈ పూట మనం మాట్లాడుకునేది ఒక్క సంగతే: రిమోట్ హెలికాప్టర్‌ను నేలకు మీటరు ఎత్తులో ఒకేచోట నిలబెట్టడం, అంటే హోవర్. ఉదాహరణకు 450 సైజు తీసుకుందాం. 325 మిల్లీమీటర్ల బ్లేడ్లు, మూడు సెల్లుల 2200 ఎంఏహెచ్ లైపో (లిథియం పాలిమర్) బ్యాటరీ. చాలా రిమోట్లలో ఎడమ స్టిక్ మీద ఎత్తు, తోక. కుడి స్టిక్ మీద ముందువెనకలు, పక్కలు.

మొదట వదిలించుకోవాల్సింది కారు నడిపిన అలవాటు. కుడి స్టిక్ కొంచెం ముందుకు నెట్టారు, హెలికాప్టర్ ముందుకు వాలింది. స్టిక్ వదిలేశారు, అది మధ్యకు వచ్చేసింది. మరి హెలికాప్టర్ ఆగుతుందా? ఆగదు. స్టిక్ మధ్యలో ఉంటే 'ఇంకా వాలకు' అని చెప్పినట్టు. 'సమంగా నిలు' అని చెప్పినట్టు కాదు. వాలింది వాలినట్టే ఉండి వేగం అందుకుంటుంది. వెనక్కి లాగితేనే సమమవుతుంది. సమమయ్యాక కూడా అప్పటిదాకా అందుకున్న వేగం పోదు. దాన్ని తగ్గించడానికి ఇంకాస్త వెనక్కి వాల్చాలి. ఆగీ ఆగకముందే ముందుకు చిన్న తట్టు తట్టి మళ్లీ సమం చేయాలి. తనంతట తానే సమమయ్యే మోడ్ ఉన్న కంట్రోలర్ల (హెలికాప్టర్‌లోనే ఉండే బుల్లి కంప్యూటర్ల) సంగతి వేరు.

కొత్తవాళ్లు హెలికాప్టర్ ఒక అడుగు జరిగాక గానీ స్టిక్ కదపరు. అప్పటికే దానికి వేగం వచ్చేసి ఉంటుంది. కంగారులో ఎక్కువ దిద్దుతారు, అది అవతలికి పోతుంది, మళ్లీ ఇవతలికి లాగుతారు. ఉయ్యాల పెద్దదవుతూ చివరికి బ్లేడు నేలకు తగులుతుంది. అందుకే హెలికాప్టర్ ఎక్కడుందని చూడకండి. తిరిగే బ్లేడ్ల పళ్లెం ఎటు వాలుతోందో చూడండి. వాలడం మొదలవగానే తట్టండి, చిన్నగా, వెంటవెంటనే. ఈ చూపు అలవడడానికి సిమ్యులేటర్‌లో పది గంటలైనా కూర్చోవాలి. అక్కడ విరిగిన బ్లేడుకు ఖర్చు లేదు.

తోక మీవైపు ఉండేలా, ముక్కు గాలికి ఎదురుగా పెట్టి, అయిదారు మీటర్ల వెనక నిలబడండి. ఆ దూరం తగ్గించొద్దు. నిమిషానికి 2400 చుట్లు తిరిగే ఈ సైజు బ్లేడు కొస వేగం గంటకు 300 కిలోమీటర్లు దాటుతుంది. తోక కుడికి పోతే ముక్కు ఎడమకు తిరిగినట్టు. ఎప్పుడూ ముక్కును నడుపుతున్నామనుకోండి, తికమక ఉండదు.

బయటికి వెళ్లేముందు చూడాల్సినవి కొన్ని. రోటరు తల దగ్గర పట్టుకుని ఎత్తితే ముక్కు గానీ తోక గానీ కిందికి వాలకూడదు. వాలితే బ్యాటరీని జరపండి. హెలికాప్టర్‌ను పక్కకు పట్టుకుంటే బ్లేడ్లు వేలాడకూడదు, గట్టిగా కుదిపితే మాత్రం మడుచుకోవాలి. బోల్టులకు ఆ బిగువు చాలు. తర్వాత గైరో, అంటే తోక తనంతట తిరిగితే పసిగట్టి దిద్దే పరికరం. చేత్తో ముక్కును ఎడమకు తిప్పితే తోక బ్లేడ్లు కుడి స్టిక్ ఇచ్చినప్పుడు కదిలిన వైపే కదలాలి. తిరగబడి ఉంటే, నేల వదలగానే యంత్రం బొంగరమవుతుంది, మీరు ఆపలేరు. కాళ్ల కింద అడ్డంగా రాడ్లు, వాటి కొసలకు బంతులు కట్టుకోండి. పక్కకు దిగినా బోల్తా పడే అవకాశం తగ్గుతుంది. మొదట్లో కార్బన్ బ్లేడ్లు వద్దు, చెక్కవి చాలు.

నేల మీద జారిస్తూ నేర్చుకోమని పాతకాలంలో చెప్పేవారు. ఫ్లైబార్, అంటే రోటరును నిలకడగా ఉంచే అడ్డకడ్డీ, ఉన్నవాటికి అది సరే. ఫ్లైబార్ లేని ఇప్పటివాటికి నేను ఒప్పుకోను. నేల మీద ఉండగా స్టిక్ కదిపితే యంత్రం వాలలేదు. కంట్రోలర్ ఆ లోటును కూడబెట్టుకుంటూ పోతుంది, లేచీ లేవగానే పక్కకు పడేస్తుంది. పళ్లెం వంకరగా కనబడినా దిద్దకండి. బ్లేడ్లు పూర్తి వేగం అందుకున్నాక, తటపటాయించకుండా ఒక్క ఊపున అర మీటరు పైకి లేపండి. జానెడు ఎత్తులో బ్లేడ్ల గాలి నేలకు కొట్టి తిరిగొచ్చి కుదిపేస్తుంది. రోటరు వెడల్పంత ఎత్తు, అంటే సుమారు 70 సెంటీమీటర్లు దాటితే నెమ్మదిస్తుంది. భయంతో కిందనే ఉండేవారికే ఎక్కువ కష్టం.

లేచాక అది ఎడమకు జరిగితే ట్రిమ్ (స్టిక్ మధ్యస్థానపు సర్దుబాటు) తప్పని కంగారుపడొద్దు. పైనుంచి చూస్తే గడియారం ముల్లులా తిరిగే రోటరుకు తోక తోపు ఎడమవైపే ఉంటుంది. కొంచెం కుడికి వాలి నిలవడమే దాని సహజ భంగిమ.

పడిపోతుందనిపిస్తే ముందు మోటారును ఆపేసే థ్రాటిల్ హోల్డ్ స్విచ్ వేయండి. తిరుగుతున్న బ్లేడు నేలకు తగిలితేనే ఎక్కువ నష్టం. పడ్డాక బ్లేడ్లు మార్చి వెంటనే ఎగరేయకండి. బ్లేడు గ్రిప్పులను కలిపే సన్నని ఇరుసు, నిలువు షాఫ్టు, పెద్ద గేరు పళ్లు మూడూ చూడండి. ఇరుసు రవ్వంత వంగినా వణుకు పుడుతుంది, ఆ వణుకుకు గైరో తప్పుదారి పడుతుంది.

టైమర్ అయిదు నిమిషాలకు పెట్టండి. దిగాక సెల్లుకు 3.7 వోల్టుల కంటే తక్కువ కనబడితే నాలుగు నిమిషాలకు తగ్గించండి. దాచేటప్పుడు సెల్లుకు 3.8 దగ్గర ఉంచండి. ఒక బ్యాటరీ అంతా రెండు మీటర్ల చదరంలో నిలపగలిగిన రోజున తోకను కొద్దిగా, పావు చుట్టు కూడా కాకుండా, పక్కకు తిప్పి మళ్లీ మొదటినుంచి మొదలుపెట్టండి.