జనవరిలో కోతకొచ్చే కార్డు

శ్రోతలకు నమస్కారమండి. పన్ను పోటొస్తే మనవైపు ముందు గుర్తొచ్చేది లవంగం. ఆ తర్వాత ఉప్పునీళ్లు. ఇ.ఎస్.ఐ. కార్డు, అదే జీతంలో కాస్త కోసి జబ్బు చేస్తే వైద్యం ఇచ్చే కార్మికుల బీమా కార్డు, మాత్రం ఎవరికీ గుర్తు రాదు.

మా వదిన భీమవరం దగ్గర ఒక రొయ్యల ప్లాంటులో ఒలుపు పనికి వెళ్లేది. తెల్లారకముందే బస్సు, పొద్దుగూకేదాకా ఐసునీళ్లలో చేతులు. నిండా పని దొరికిన నెల 12,000 వస్తే అందులో 90 రూపాయలు ఇ.ఎస్.ఐ. కోత. నూటికి ముప్పావు రూపాయి. ప్లాంటువాళ్లు తమ వంతు 390 కలిపి కట్టాలి. "నా తొంభై ఎవరి నోట్లోకి పోతోందో" అని గొణుక్కునేది, పాపం.

సెప్టెంబరాఖరున మోకాళ్లు సహకరించక మానేసింది. ఫిబ్రవరిలో దవడ పొంగింది. రెండు రాత్రులు నిద్ర లేదు, గంజి కూడా మింగలేదు. ప్లాంటుకి ఫోన్ చేస్తే "మానేశావు కదమ్మా, ఇంక నీ కార్డు పనిచెయ్యదు" అన్నారట. నేనూ నిజమే అనుకున్నాను. కాదండి.

మన సార్వా, దాళ్వా లాగే ఇ.ఎస్.ఐ.కీ ఏడాదికి రెండు పంటకాలాలు. నాటేది ఒకప్పుడు, కోసేది ఒకప్పుడు. ఏప్రిల్ నుంచి సెప్టెంబరు దాకా కట్టింది జనవరి నుంచి జూన్ దాకా అక్కరకొస్తుంది. అక్టోబరు నుంచి మార్చి దాకా కట్టింది జూలై నుంచి డిసెంబరు దాకా. కట్టే ఆ ఆరు నెలల్లో 78 రోజులకు చందా పడి ఉండాలి. మళ్లీ చెబుతున్నానండి, 78 రోజులు. వారానికి ఆరు రోజుల లెక్కన 13 వారాలు.

వదిన జీతం చీటీలన్నీ బియ్యం డబ్బాలో దాచింది. మంచమ్మీద పరిచి లెక్క కట్టాను. ఏప్రిల్‌లో 21 రోజులు, మే ఎండల్లో 14, జూన్‌లో 17, జూలైలో 20. అప్పటికే 72! ఆగస్టు రెండో వారానికి 78 దాటిపోయింది. అంటే పని మానేసినా, జూన్ 30 దాకా వైద్యం ఆవిడ హక్కు.

కొత్తగా చేరినవాళ్లు ఈ 78 కోసం ఆగక్కర్లేదు. మొదటిసారి చేరితే ఆ రోజు నుంచే మూడు నెలలు వైద్యం ఉంటుంది. ఇంట్లో భార్యకో భర్తకో, పిల్లలకీ ఉంటుంది.

నేను చెప్పదలచిన పని ఒక్కటేనండి. కాంట్రాక్టరు కింద చేసేవాళ్లు మరీ వినాలి. చీటీలో డబ్బు కోసినట్టు ఉంటుంది, అవతల ఇ.ఎస్.ఐ.కి ఎన్ని రోజులు చూపించారో ఉండదు. మీ బీమా నంబరుతో ఇ.ఎస్.ఐ. వెబ్‌సైటులో నెలవారీగా రోజులు కనిపిస్తాయి. ఇంట్లో చదువుకునే పిల్లలుంటే రెండు నిమిషాల పని. తక్కువ పడితే ఆ నెలలోనే అడగండి. ఆర్నెల్లయ్యాక, దవడ వాచాక కాదు.

వదినకి ఇ.ఎస్.ఐ. డిస్పెన్సరీలో ముందు వాపు తగ్గడానికి మందులిచ్చి, వారం తర్వాత పన్ను తీయించారు. పైసా అడగలేదు. ఆ పన్ను కాగితంలో చుట్టి ఇంటికి తెచ్చింది. ఏడేళ్ల మనవడు అది లాక్కుని, తన పాలపన్నులాగే పెంకుల మీదికి విసిరేసి, "నానమ్మా, కొత్తది వచ్చేస్తుంది" అన్నాడు.