బడి చెట్టు బతకాలంటే బడి నీళ్లు ఎటు పోతున్నాయో చూడాలి

[దృశ్యం: చంద్రగిరి దగ్గర ఒక సర్కారు హైస్కూల్ ఆవరణ. ప్రహరీ వెంట వరసగా ట్రీగార్డులు. కొన్నింట్లో మొక్క ఉంది, కొన్ని ఖాళీ.]

నమస్కారం. ఏటా వానలు మొదలవగానే మన బడుల్లో మొక్కలు నాటుతారు. పిల్లలు ఎంతో ఇష్టంగా గుంతలు తవ్వుతారు, పేర్లు పెట్టుకుని మరీ నీళ్లు పోస్తారు. మళ్లీ జూన్‌లో బడి తెరిచేసరికి చాలాచోట్ల ట్రీగార్డులే మిగులుతాయి. ఇందులో పిల్లల తప్పేమీ లేదు. మన వానలకూ బడి సెలవులకూ పొంతన కుదరకపోవడమే అసలు చిక్కు.

తిరుపతి, చిత్తూరు జిల్లాల్లో నైరుతి వానలు కొంత పడతాయి. అక్టోబరు నుంచి డిసెంబరు దాకా ఈశాన్య వానలు గట్టిగా పడతాయి. సంక్రాంతి దాటితే చినుకు అరుదు. ఏప్రిల్ నాలుగో వారంలో సెలవులు ఇచ్చేస్తారు. ఎండ 40 డిగ్రీలు దాటే ఆ ఏడు వారాలూ బడి గేటుకు తాళమే. ఏడాది కూడా నిండని మొక్క అప్పుడేం తాగి బతుకుతుంది? అందుకే ఈ వీడియోలో మొక్కల కంటే నీళ్ల గురించే ఎక్కువ మాట్లాడుకుందాం.

[దృశ్యం: మధ్యాహ్నం. కుళాయిల గట్టు దగ్గర పిల్లలు కంచాలు కడుగుతున్నారు. కెమెరా కాలువ దగ్గరికి వెళ్తుంది.]

ఈ కాలువలోకి చూడండి. నాలుగు మెతుకులు, కరివేపాకు, సాంబారు మీది నూనె తెట్టు. 200 మంది పిల్లలున్న బడిలో తలకో లీటరే అనుకున్నా, రోజుకు 200 లీటర్లు. చాలా బడుల్లో ఇవి ప్రహరీ పక్కన గుంటలో నిలిచి దోమలను పెంచుతున్నాయి.

వీటిని చెట్లకు మళ్లించడానికి పెద్ద ఖర్చేమీ కాదు. కాలువ చివర ఒక ఇనుప జల్లెడ పెడితే మెతుకులు అక్కడే ఆగిపోతాయి. దాని తర్వాత గులకరాళ్లు నింపిన చిన్న సిమెంటు తొట్టి కడితే నూనె, మడ్డి చాలావరకు అందులో నిలిచిపోతాయి. అక్కణ్నుంచి నీళ్లు అరటి పాదుల్లోకి, మెట్టతామర దుబ్బుల్లోకి పోవాలి. అరటికి ఎన్ని నీళ్లిచ్చినా వద్దనదు. ఆకుకూరల మడికి మాత్రం ఈ నీళ్లు వదలకండి, దానికి మంచి నీళ్లే పెట్టాలి. వంట గిన్నెలు తోమిన సబ్బు నీళ్లు కూడా ఇందులో కలవకూడదు.

ఒక్క విషయం గట్టిగా చెప్పాలి. జల్లెడను రోజూ దులపాలి. రెండు రోజులు వదిలేస్తే కంపు కొడుతుంది. మూడో రోజు ఎవరో ఒకరు విసుగొచ్చి పైపు మూసేస్తారు. ఆ పని ఏ తరగతిదో, ఏ వారం ఎవరిదో నోటీసు బోర్డు మీద రాసిపెట్టండి.

జల్లెడలో ఆగిన మెతుకులు, కూరగాయల తొక్కలు కంపోస్టు గుంతలో వేసి, పైన ఎండుటాకులు పరవాలి. గుడ్డు పెంకులు కూడా పనికొస్తాయి, వాటిలో ఉండేది కాల్షియమే. కాకపోతే కడిగి, ఎండబెట్టి, రోట్లో మెత్తగా దంచి వేయాలి. ముక్కలుగా వేస్తే ఎన్ని నెలలైనా మట్టిలో అలాగే ఉంటాయి.

[దృశ్యం: బడి డాబా. వాన నీళ్లు పైపు నుంచి ధారగా నేల మీద పడి గేటు వైపు పారుతున్నాయి.]

ఇప్పుడు పైన పడే నీళ్ల సంగతి చూద్దాం. ఒక చదరపు మీటరు డాబా మీద ఒక మిల్లీమీటరు వాన పడితే ఒక లీటరు. నాలుగు గదుల డాబా సుమారు 150 చదరపు మీటర్లు ఉంటుంది. మన దగ్గర ఏడాదికి 900 మిల్లీమీటర్లకు అటూఇటూగా వాన. ఐదో వంతు వృథా అయినా లక్ష లీటర్లకు పైనే నేలలోకి దింపవచ్చు. 2021 నవంబరులో తిరుపతి వీధులు వరదలో మునగడం మనందరం చూశాం. అదే జిల్లాలో వేసవి వస్తే ట్యాంకర్ కోసం బిందెలు వరస కడతాయి. ఇది తలచుకుంటే నిజంగా బాధేస్తుంది.

బోరు పక్కన గుంత తవ్వి, అడుగున పెద్ద రాళ్లు, వాటి మీద కంకర, పైన ఇసుక వేసి, డాబా పైపును అందులోకి కలపండి. సీజన్లో మొదటి వాన నీళ్లను బయటికి వదిలేయండి, అందులో డాబా మీది దుమ్ము, పక్షుల రెట్టలు ఉంటాయి. కంచాలు కడిగిన నీళ్లు ఎట్టి పరిస్థితుల్లోనూ ఈ గుంతలోకి రాకూడదు. పిల్లలు తాగే బోరు నీళ్లు పాడవుతాయి.

నీళ్లతో పాటు బడిలో కరెంటు, ప్లాస్టిక్ గురించి కూడా రెండు మాటలు. పాత ఫ్యాను సుమారు 75 వాట్లు లాగుతుంది, బీఎల్‌డీసీ అనే కొత్త రకం మోటారు ఉన్న ఫ్యాను సుమారు 30 వాట్లే. పాతది కాలిపోయినప్పుడు ఈ రకం కొనండి, బాగున్నవి పీకేయాల్సిన పని లేదు.

ప్లాస్టిక్ విషయానికొస్తే, 2022 జూలై 1 నుంచి ప్లాస్టిక్ ప్లేట్లు, గ్లాసులు, స్పూన్లు, అలంకరణకు వాడే థర్మోకోల్ దేశమంతా నిషేధం. తిరుమల కొండ మీద ప్లాస్టిక్ నీళ్ల బాటిళ్లు ఆపితే రోజూ వేలమంది భక్తులు సర్దుకుంటున్నారు. కొండ కింద మన బడిలో ఆగస్టు 15 ఫంక్షన్‌కు స్టీలు గ్లాసులు పెట్టలేమా? చిక్కీ కవర్లను మూల పోసి తగలబెట్టొద్దు. సంచిలో పోగుచేసి పంచాయతీ చెత్త బండికి ఇవ్వండి.

[దృశ్యం: కానుగ మొక్క పాదు. పక్కన మెడ దాకా పూడ్చిన మట్టి కుండ, దాని మీద మూత.]

ఇక వేసవి మాట. నన్నడిగితే, సొంతంగా నీళ్ల వసతి లేని బడుల్లో జూలైలో తొందరపడకుండా సెప్టెంబరు చివర నాటడం మేలు. వెనకాలే ఈశాన్య వానలు అందుకుంటాయి. కానుగ, వేప, నేరేడు లాంటివి ఎండకు తట్టుకుంటాయి. పాదు పక్కన మట్టి కుండ పూడ్చి నీళ్లు నింపి మూత పెడితే, నీరు మెల్లగా వేళ్లకు దిగుతుంది. రోజూ పోయాల్సిన అవసరం ఉండదు.

ఆ కుండలు నింపే మనిషి ఎవరో ఏప్రిల్ మొదటి వారంలోనే తేలిపోవాలి. బడికి దగ్గరగా ఉండే పిల్లల పేర్లు, వాళ్ల అమ్మానాన్నల ఫోన్ నంబర్లు, వారాల వంతులు రాసుకుని, గేటు తాళంచెవి ఎవరి దగ్గర ఉంటుందో తల్లిదండ్రుల కమిటీ మీటింగ్‌లో హెచ్‌ఎం గారు అందరి ముందూ చెప్పాలి. మీ బడిలో ఈ మీటింగ్ జరగకపోతే, తల్లిదండ్రులుగా మీరే అడగండి.