నాలుగు స్క్రూల వెనుక 1963

నమస్కారం. విజయవాడలో ఉన్న మా మేనల్లుడు కాలేజీ బృందంలో బేస్ గిటార్ వాయిస్తాడు, అంటే కింది స్వరాలు పలికించే నాలుగు తీగల గిటార్. "మామయ్యా, శనివారం వస్తే పాత గిటార్లు చూడటానికి బయలుదేరుతావు కదా, అది ఏ సంవత్సరానిదో, ఎంత చేస్తుందో ఎలా చెప్పగలవు? ఒకసారి వీడియో తీసి పంపు" అని నెల రోజులుగా అడుగుతున్నాడు. వాడి కోసమే ఈ రోజు కెమెరాను వెంట తీసుకొని బయలుదేరాను.

మేము ఉండే ఆనహైమ్ పక్కనే ఫుల్లర్టన్ ఉంది. కాలిఫోర్నియాలోని ఈ ఊరిలోనే లియో ఫెండర్ తన కర్మాగారం నడిపారు. ఆయన స్వయంగా గిటార్ వాయించలేరు. రేడియోలు బాగుచేసే దుకాణం నడిపిన మనిషి. మనిషంత ఎత్తున ఉండి, మోయడానికి కష్టమై, వేదిక మీద సరిగా వినిపించని డబుల్ బేస్‌కు బదులుగా, భుజానికి తగిలించుకొని వాయించగల ప్రెసిషన్ బేస్‌ను 1951లో ఆయన తెచ్చారు. ఫ్రెట్లు (వేళ్లు పెట్టేచోట అడ్డంగా బిగించిన లోహపు మెట్లు) ఉండటం వల్ల స్వరం కచ్చితంగా పలుకుతుంది కనుక దానికి ఆ పేరు పెట్టారు. సియాటిల్‌లో పాల్ టుట్‌మార్క్ అనే ఆయన 1930లలోనే ఎలక్ట్రిక్ బేస్ తయారుచేశారు గాని, లోకం పట్టుకున్నది ఫెండర్‌దే. ఆనాటి 34 అంగుళాల తీగ పొడవే ఈనాటికీ ప్రమాణంగా నిలిచింది. అప్పటి ధర 199.50 డాలర్లు. ఈ రోజు నేను చూడబోతున్న పాత ప్రెసిషన్ బేస్‌కు అడుగుతున్న ధర 14,000 డాలర్లు. డాలరుకు 90 రూపాయల చొప్పున లెక్క కడితే 12,60,000 రూపాయలు. ఈ మాట వినగానే మా అక్కయ్య ఏమంటుందో నాకు తెలుసు. అక్కయ్యా, నేను కొనడానికి కాదు, చూడటానికే వెళ్తున్నాను.

అమ్మదలచినది తొంభై ఏళ్లు దాటిన ఒక పెద్దావిడ. ఆమె భర్త 1960లలో ఒక నృత్యశాల బృందంలో ఈ బేస్ వాయించేవారట. ఆయన పోయి మూడేళ్లయింది. పెట్టె తెరిచి చూపించేటప్పుడు, లోపలి బట్ట మీద దుమ్ము లేకపోయినా ఆమె చేత్తో ఒకసారి తుడిచారు.

ఒరేయ్, ఇక్కడి నుంచి జాగ్రత్తగా చూడు. కాలం ఏదో సగం దూరం నుంచే తెలిసిపోతుంది. తొలినాటి ప్రెసిషన్ బేస్ బాడీ అంచులు పలకలా నిటారుగా ఉంటాయి. 1954లో ఒంటికి ఒదిగేలా అంచులను నునుపుగా చెక్కారు. 1957లో, తీగల కంపనాన్ని అందుకునే పికప్ ఒకే ముక్కగా ఉండేది పోయి, దాని స్థానంలో రెండు ముక్కలుగా విడిపోయిన పికప్ వచ్చింది; తీగల బిరడాలుండే తల భాగం, హెడ్‌స్టాక్, కూడా వెడల్పయింది. 1959లో మేపుల్ కలపతో చేసిన నెక్ (మెడ) మీద, వేళ్లు ఆనే పలకగా రోజ్‌వుడ్ ఫింగర్‌బోర్డ్ అమర్చడం మొదలైంది. 1962 మధ్య వరకు ఆ రోజ్‌వుడ్ మందంగా, అడుగున చదునుగా ఉండేది. ఆ తరువాత పలుచబడి, అడుగున వంపు తిరిగింది. ఈ బేస్‌ను నెక్ చివర నుంచి చూస్తే రెండు కలపల మధ్య గీత వంపుగా కనిపిస్తోంది కదా? అంటే 1962 మధ్యకు ఇవతలిది. వేళ్ల గుర్తుగా పొదిగిన చుక్కలు ముత్యంలా మెరవకుండా మట్టి రంగులో ఉన్నాయి. ఇవి 1964 చివర్లో ఆగిపోయాయి. ముట్టుకోకుండానే మనకు రెండున్నరేళ్ల హద్దు దొరికింది.

వెనుక వైపు నెక్ ప్లేటు మీద 'ఎల్' అక్షరంతో మొదలయ్యే నంబరు ఉంది. కొత్తగా ఈ దారిలోకి వచ్చినవారు మొదట చూసేది ఈ నంబరునే, అందరికంటే ఎక్కువగా నమ్మేదీ దీనినే. నా అనుభవంలో మాత్రం అన్నింటికంటే చివరన నమ్మవలసినది ఇదే. ఆ ప్లేట్లను కర్మాగారంలో డబ్బాలోంచి చేతికి వచ్చింది తీసి బిగించేవారు, వరుసక్రమం పాటించలేదు. పైగా నాలుగు స్క్రూలు విప్పితే ఎవరైనా ప్లేటును మార్చేయవచ్చు. 'ఎల్' వరుస 1963 ప్రాంతం నుంచి 1965 దాకా నడిచింది, అంతవరకే అది చెప్పగలిగేది.

ఆమె అనుమతితో తీగలు వదులు చేసి, ఆ నాలుగు స్క్రూలూ విప్పాను. నెక్ మడమ, అంటే బాడీలో కూర్చునే చివర మీద సిరాతో వేసిన ముద్ర చూడండి: నవంబరు, 63, పక్కన 'సి' అనే అక్షరం. 1962 తొలినాళ్ల వరకు పనివారు ఇక్కడ తేదీని పెన్సిలుతో రాసేవారు, తరువాత రబ్బరు ముద్ర వచ్చింది. అక్షరం నట్ దగ్గర, అంటే తల వైపు తీగలు ఆనే చోట, నెక్ వెడల్పును చెబుతుంది. 'ఎ' అంటే ఒకటిన్నర అంగుళం, అది 1960లో వచ్చిన ఫెండర్ మరో మోడల్, జాజ్ బేస్‌ది. 'సి' అంటే ఒకటి ముప్పాతిక, ఇది ప్రెసిషన్‌ది. అరవై ఏళ్ల కిందట ఎవరో కార్మికుడు భోజనం బెల్లుకు ముందో తరువాతో వేసిన ముద్ర ఇది. ఇన్నేళ్లుగా వెలుతురు సోకక నిన్న వేసినట్టుగా ఉంది. ఈ దేశంలో నా ఇంట్లో ఉన్న వస్తువులలో తొమ్మిదేళ్లకు పైబడినది ఒక్కటీ లేదు, నేను తెచ్చుకున్న సూట్‌కేసుతో సహా. ఇటువంటి ముద్ర కనిపించిన ప్రతిసారీ కాసేపు దాన్నే చూస్తూ ఉండిపోతాను.

తరువాత పిక్‌గార్డ్, అంటే బాడీ ముందువైపు ఉండే రక్షణ పలక, విప్పాను. వాల్యూమ్ నాబ్ కింద ఉండి ధ్వనిని పెంచి తగ్గించే భాగం పాట్; దాని వీపు మీద 304-6320 అని చెక్కి ఉంది. 304 అంటే స్టాక్‌పోల్ కంపెనీ. 137 ఉంటే సి.టి.ఎస్. అనే మరో కంపెనీ. తరువాతి నాలుగంకెలు 63వ సంవత్సరం, 20వ వారం. పాట్ మే నెలది, నెక్ నవంబరుది, కనుక రెండింటికీ పొత్తు కుదిరింది. పాట్ తేదీ ఆ తేదీకి ముందు గిటార్ పుట్టలేదని మాత్రమే చెబుతుంది. 1966లో కంపెనీ పెద్ద ఎత్తున కొన్న పాట్లను 1969 వరకు వాడుతూ వచ్చారు. టంకం వేసిన చోట్లు మసకబారి, ఎవరూ కదపనట్టుగా ఉన్నాయి. ఇంతవరకు అంతా చక్కగా ఉంది.

ఇప్పుడు రంగు. ఆ రోజుల్లో బాడీకి నాలుగైదు చిన్న మేకులు కొట్టి, వాటి మీద నిలబెట్టి రంగు వేసి ఆరబెట్టేవారు. ఆరిన తరువాత మేకులు పీకేవారు. అందుచేత అసలు రంగు ఉన్న బాడీలో ఆ మేకు రంధ్రాలలో పచ్చి కలప కనిపించాలి. ఇక్కడ పిక్‌గార్డ్ కింద ఉన్న రంధ్రం చూడండి. లోపలి గోడకు కూడా ముదురు రంగు అంటుకొని ఉంది. నెక్ కూర్చునే గుంటలో, రంగు వేసేటప్పుడు పట్టుకోవడానికి కర్ర బిగించినచోట రంగు పడని మచ్చ ఉండవలసింది, అదీ లేదు. అతినీలలోహిత దీపం వేసి చూస్తే నెక్ మీది పాత లక్కర్ పూత పసుపు పచ్చగా వెలిగింది గాని, బాడీ వెలగలేదు. మూడు సాక్ష్యాలూ ఒకే మాట చెబుతున్నాయి: ఈ సన్‌బర్స్ట్ (నడుమ లేతగా, అంచుల్లో ముదురుగా ఉండే రంగు) కర్మాగారంలో వేసినది కాదు.

సరిగ్గా ఈ సమయానికి మా బావగారు వీడియో కాల్ చేశారు. విషయం విని, "మళ్లీ రంగు వేయిస్తే మంచిదే కదయ్యా, ధర పెరగాలి కదా" అన్నారు. బావగారి మాటలో తప్పు లేదు. మనం పాత మంచం అమ్మాలన్నా పాలిష్ పట్టిస్తాం, ఇత్తడి బిందెను చింతపండుతో తోమి మరీ చూపిస్తాం. ఇక్కడి లెక్క దీనికి తలకిందులు. పట్టీ రాసుకొని రంగు పోయిన చోటు, సిగరెట్టు కాలిన మచ్చ, చెమటకు అరిగిన అంచు, ఇవన్నీ అలాగే ఉంటేనే పూర్తి ధర. ఎంత అందంగా వేసినా రెండో రంగు పడిందంటే ధర సగానికి పడిపోతుందన్నది ఈ వ్యాపారంలో అందరూ పాటించే లెక్క. అదే అరుదైన కర్మాగారపు రంగు చెక్కుచెదరకుండా ఉంటే సన్‌బర్స్ట్ కంటే ఎంతో ఎక్కువ పలుకుతుంది. 1965 జనవరిలో సి.బి.ఎస్. అనే ప్రసార సంస్థ 1 కోటి 30 లక్షల డాలర్లకు ఫెండర్ కంపెనీని కొన్నది. అంతకు ముందువాటికి ఉన్న గిరాకీ తరువాతి వాటికి లేదు. ఈ బేస్ ఆ గీతకు ముందుది కనుకనే సగం ధర అయినా నిలిచింది.

బావగారు అంతటితో ఆగకుండా, కొంటే సంక్రాంతికి తీసుకురమ్మన్నారు. అదీ అంత సులువు కాదు. ఆనాటి ఫింగర్‌బోర్డ్‌లు బ్రెజిల్ రోజ్‌వుడ్‌వి. ఆ చెట్టు 1992 నుంచి సైటీస్ (అంతరించే ప్రమాదమున్న జీవజాతుల వ్యాపారాన్ని అదుపు చేసే అంతర్జాతీయ) ఒప్పందపు మొదటి అనుబంధంలో ఉంది. ఇటువంటి వాయిద్యాన్ని దేశం దాటించాలంటే ముందుగా అనుమతి పత్రం తీసుకోవాలి, లేకపోతే విమానాశ్రయంలో వదులుకోవలసి రావచ్చు.

పెద్దావిడకు ఈ సంగతి చెప్పడం నాకు కష్టమైంది. రంధ్రాన్ని దీపం వేసి చూపించి, సుమారు 7,000 డాలర్లు న్యాయమైన ధర అని చెప్పాను. మన లెక్కలో 6,30,000. ఆమె కాసేపు మాట్లాడలేదు. తరువాత గుర్తొచ్చి చెప్పారు: 1978లో తమ అమ్మాయి పెళ్లిలో వాయించాలని, గీతలు పడిన బేస్‌తో వేదిక ఎక్కడం ఇష్టంలేక, ఆయన కార్లకు రంగు వేసే చోట దీనికి కొత్త రంగు వేయించారట. పెళ్లి ఫోటో కూడా తెచ్చి చూపించారు. నల్ల కోటు వేసుకున్న ఆయన చేతిలో ఈ బేస్ తళతళ మెరుస్తోంది.

ఆ ఫోటోను బేస్‌తో పాటే ఉంచమని ఆమెకు గట్టిగా చెప్పాను. ఎవరిది, ఎక్కడిది అనే ఆధారం విలువను పెంచుతుంది. పేరొందిన బేస్ వాద్యకారుడు జాకో పాస్టోరియస్ వాయించిన 1962 జాజ్ బేస్ 1986లో దొంగతనానికి గురై, ఏళ్ల తరువాత బయటపడింది. అటువంటివి జరిగినప్పుడు చరిత్ర రాసిపెట్టిన కాగితమే అక్కరకు వస్తుంది. ఒక కాగితం తీసుకొని నెక్ తేదీ, పాట్ అంకెలు, ప్లేటు నంబరు, 1978 నాటి రంగు సంగతి వరుసగా రాసి, కింద ఈ రోజు తేదీ వేసి పెట్టెలో పెట్టాను. పిల్లలను అడిగి చెబుతానన్నారు ఆమె.

నాలుగు స్క్రూలు బిగించి, తీగలు శ్రుతి చేసి ఇస్తుంటే, ఒకసారి వాయించమని అడిగారు. ఆంప్లిఫయర్ లేదు. చెవి బాడీకి ఆనించి మంద్ర 'ఇ' తీగను మీటాను. ఒరేయ్, ఆ శబ్దాన్ని ఫోన్‌లో విడిగా రికార్డు చేశాను. హెడ్‌ఫోన్లు పెట్టుకొని విను.