వెనక్కి తొక్కితే ఆగే హబ్బు: పారేయకండి, విప్పండి

అన్నా, నమస్తే. ఈ రోజు బల్ల మీదున్నది పాత జర్మన్ సైకిల్ వెనక చక్రం, చక్రం మధ్యలో ఊచలన్నీ వచ్చి కలిసే ఈ హబ్బు మీద టార్పెడో అని రాసుంది చూడండి. దీనికి బ్రేకు లివరుండదు, పెడలు వెనక్కి తొక్కితే చక్రం ఆగిపోతుంది. ఫిక్టెల్ అండ్ సాక్స్ అనే కంపెనీ ష్వైన్‌ఫుర్ట్‌లో 1903లో తెచ్చిన రకం ఇది. మన నెల్లూరులో చేత్తో పట్టే బ్రేకుల బండ్లే ఎక్కువ కాబట్టి, షాపుకి తీసుకెళ్తే 'లోపల పోయింది, మామూలు ఫ్రీవీల్ హబ్బు వేయించుకో' అనేస్తారు. నన్నడిగితే పోయేది చాలా తక్కువ, ఎండిపోయేదే ఎక్కువ.

ముందు ఎడమ వైపు చూడండి, ఈ పొడుగాటి ఇనప చెయ్యి ఉంది కదా, దీన్ని ఫ్రేముకి క్లిప్పుతో బిగిస్తారు. బ్రేకు వేసినప్పుడు ఆ బలమంతా మోసేది ఇదే. ఆ వైపు నట్టు తీసి, ఆ ఇనప చెయ్యి వైపున్న కోను, అంటే బాల్స్‌ని ఆనించి పట్టే ముక్కని, తిప్పి లాగితే లోపలి సామానంతా వరసగా బయటికొస్తుంది. పేపరు మీద అదే వరసలో పెట్టుకుంటూ పోండి, బాల్స్‌ని పట్టి ఉంచే రింగు ఏ మొహం ఎటు తిరిగి ఉందో ఫోన్లో ఒక ఫోటో తీసుకోండి.

ఇదిగో అసలు సంగతి. గ్రీజు నల్లగా గట్టిపడి, అంచుల్లో తుప్పు పొడి కలిసి గోరుతో గీకితే పెచ్చులుగా వస్తోంది. సైకిల్ మైపాడు వైపు ఇంట్లో వసారాలో ఉండేదట, ఉప్పుగాలి సంగతి మీకు తెలిసిందే. కిరసనాయిల్లో నానబెట్టి బ్రష్‌తో రుద్దాక చూస్తే, కోన్ల మీద బాల్స్ దొర్లే దారి అద్దంలా ఉంది, గుంటలు లేవు. గుంటలుంటే మాత్రం ఆ కోను మార్చాల్సిందే, గ్రీజుతో కప్పెట్టి లాభం లేదు.

గ్రీజు ఎక్కడ ఎంత అనేదే ఇందులో పని. బాల్స్‌కీ, బ్రేకు వేసేటప్పుడు విచ్చుకుని హబ్బు లోపలి గోడని పట్టే ఈ గొట్టానికీ వేడికి ఓర్చే గ్రీజు బాగానే పెట్టాలి. ఇక్కడ బ్రేకంటే లోహం లోహాన్ని రాసుకోవడమే, గ్రీజు లేకపోతే పట్టేస్తుంది. కానీ కుడి వైపు ముందుకు తోసే చిన్న రోలర్లున్నాయే, వాటికి చిక్కటి గ్రీజు వద్దు, పల్చగా నూనె చాలు, లేదంటే అవి తమ చోటుకి కదల్లేక పెడలు జారుతుంది. ఒంగోలు నుంచి ఒకాయన ఫోన్ చేసి 'పైనుంచి నూనె పోస్తే సరిపోదా అన్నా' అన్నాడు. రెండ్రోజులు తిరుగుతుంది, లోపలి తుప్పు మాత్రం అక్కడే ఉంటుంది. వేడి మాటకొస్తే, కాలిఫోర్నియాలో ఫెయిర్‌ఫాక్స్ దగ్గర 1976లో మొదలైన కొండ దిగే పందేనికి రీప్యాక్ అనే పేరు ఎందుకొచ్చిందో తెలుసా? ఒక్కసారి దిగితే ఇలాంటి హబ్బుల్లో గ్రీజు పొగైపోయేది, మళ్లీ నింపాల్సి వచ్చేది!

బిగించేటప్పుడు కోనుని కొంచెం వదులుగానే ఉంచండి, నట్టు బిగిస్తే అది ఇంకాస్త దగ్గరకొస్తుంది. చక్రం ఎత్తి పట్టుకుంటే గాలి నాజిల్ బరువుకే అది కిందికి తిరగాలి. తర్వాత ఆ ఇనప చేతి క్లిప్పు మర్చిపోకండి, అది వదులైతే బ్రేకేసినప్పుడు చెయ్యి గిర్రున తిరిగి ఊచల్లో పడుతుంది. చైను మధ్యలో అరంగుళం ఆడేలా చూసి, ఖాళీ వీధిలో నెమ్మదిగా తొక్కి చూడండి. ముందు చక్రం బ్రేకు మాత్రం ఎవరేమన్నా పీకించొద్దు, చైను ఊడిందంటే ఈ వెనక బ్రేకు లేనట్టే.