ఆదివారం పఠనాలు ఫాదర్ గారు ఎంచుకోరండీ!

అందరికీ నమస్కారం. 2025 ఆగస్టు 3, ఆదివారం. మా క్యాథలిక్ గుడిలో పూజ అయ్యాక మెట్ల దగ్గర చెప్పులు వేసుకుంటూ మా అత్త రుసరుసలాడుతోంది. "ఎవరో ఫాదర్ గారి చెవిన వేశారు. లేకపోతే సరిగ్గా ఇవాళే ఆ వాక్యం ఎందుకు చదువుతారు?"

వాళ్లింట్లో అన్నదమ్ముల పొలం గొడవ నడుస్తోంది. గట్టు ఎక్కడ పొయ్యాలి, బోరు ఎవరి వాటాలోకి రావాలి అని. ఆ రోజు సువిశేషం, అంటే యేసు కథలోంచి చదివే భాగమేమో, లూకా 12:13–21. గుంపులోంచి ఒకడు యేసును అడుగుతాడు: మా వాడితో చెప్పి ఆస్తిలో నా వాటా నాకు ఇప్పించండి అని. అత్తకి మండదా మరి!

ఈ అనుమానం చాలామందికి ఉంది, నాకు అదే చిరాకు. కాలవ నీళ్ల వంతు తెలుసుగా? నీళ్లు వదిలే లస్కరు మీ మీద కోపంతో మీ చేలోకి నీళ్లు వదలడు. వంతు వచ్చింది, తూము ఎత్తాడు, అంతే. ఇక్కడ ఫాదర్ గారు లస్కరు. పెళ్లిళ్లకీ, సమాధి పూజలకీ కొంత ఎంపిక ఉంటుంది కానీ, ఆదివారం పూజలో చదివే బైబిలు భాగాల వంతు, అదే పఠనాల వంతు, ముందే రాసి ఉంటుంది.

ఆ వంతు మూడేళ్లది. సువిశేషాలు రాసింది నలుగురు. 'ఏ' ఏడాది మత్తయి, 'బి' ఏడాది మార్కు, 'సి' ఏడాది లూకా. సంవత్సరం అంకె మూడుతో నిశ్శేషంగా భాగిస్తే అది 'సి'. 2025 అలాంటిదే. కాకపోతే ఏడాది మారేది జనవరిలో కాదు, క్రిస్మస్‌కి ముందొచ్చే ఆగమన కాలం మొదటి ఆదివారం. నాలుగోవాడు యోహానుకి సొంత ఏడాది లేదు. ఈస్టర్‌కి ముందు తపస్సు కాలంలో, ఈస్టర్ నుంచి పాస్కా కాలంలో, మార్కు ఏట కొన్ని వారాలు ఆయన వస్తాడు. క్యాథలిక్ బిషప్పులంతా కూడిన రెండో వాటికన్ మహాసభ తర్వాత 1969లో తెచ్చిన ఏర్పాటు ఇది. అంతకుముందు ఏటా అవే పఠనాలు తిరిగొచ్చేవి.

ఇదంతా చెబితే అత్త ఏమందో తెలుసా? "అంటే 1969లోనే మా గొడవ తెలుసా వాళ్లకి?"

[తెరపై: నా, నా, నా]

సరే, ఆ పఠనంలోకి వెళ్దాం. యేసు పంపకం చెయ్యనంటాడు, మీకు పెద్దమనిషిగా నన్నెవరు పెట్టారని అడుగుతాడు. ఆపైన ధనవంతుడి కథ. జాగ్రత్తగా చూడండి, వాడు ఎవరినీ మోసం చెయ్యలేదు. భూమి బాగా పండింది, అంతే. కానీ వాడి మాటలన్నీ నా పంట, నా గాదెలు, నా ధాన్యం. పక్కన భార్య లేదు, కోత కోసిన కూలీ లేడు. తనలో తనే మాట్లాడుకుంటాడు. ఆ రాత్రే ప్రాణం పోతుంది. నాకు గుచ్చుకునేది గాదెలు కాదు, ఆ ఒంటరి కబుర్లు.

సువిశేషానికి ముందు ఇంకో రెండు పఠనాలుంటాయి. మొదటి పఠనం సువిశేషానికి జతగా ఏరిందే. ఆ రోజు ఉపదేశకుడు గ్రంథం: ఒకడు కష్టపడి కూడబెడతాడు, కష్టపడనివాడికి అది పోతుంది. రెండో పఠనం మాత్రం సామాన్య కాలంలో, అంటే పెద్ద పండుగల కాలాలు కాని మిగతా వారాల్లో, వేరే కాలవ. ఎక్కువగా పౌలు లేఖే, ఏ వారానికి ఆ వారం తన దారిన సాగుతుంది. దాన్ని బలవంతంగా సువిశేషానికి అతికించే ప్రసంగాలు వింటే నాకు నవ్వొస్తుంది. కానీ ఆ ఆదివారం కొలొస్సీ వాళ్లకి పౌలు రాసిన లేఖ 3వ అధ్యాయం వచ్చింది, అందులో అత్యాశ విగ్రహారాధనే అని ఉంది! రెండు కాలవలూ అక్కడ కలిశాయి.

నీళ్లందని చేలు కూడా ఉంటాయి. తర్వాతి ఆదివారం లూకా 12:32 నుంచి మొదలవుతుంది. మధ్యలో కాకులు, అడవి పూలు, ఏం తినాలి, ఏం కట్టుకోవాలి అని టెన్షన్ పడకండి అనే మాటలు ఆ వంతులో రావు. అవి ఇంట్లో చదువుకోవాల్సిందే.

టైమ్ అయిపోయింది, త్వరగా చెప్పేస్తా. శనివారం రాత్రి వంటిల్లు సర్దాక పది నిమిషాలు చాలు. ముందు సువిశేషం, తర్వాత మొదటి పఠనం, పూజలో పాడే కీర్తన పల్లవి, చివర్లో రెండో పఠనం. గుచ్చుకున్న ఒక్క మాట కాగితం మీద రాసుకోండి. వారంలో అది ఎక్కడ తగిలిందో దాని కిందే రాయండి, బ్యాంకు దగ్గరా, పొలం గట్టు మీదా ఎక్కడైనా. ఏమీ తగలకపోతే ఖాళీగా వదిలెయ్యండి.

మా అత్త ఇప్పుడు శనివారం రాత్రే ఫోన్ చేస్తోంది. "రేపు ఎవరి వంతురా?"